ఐసుపెట్టె వంతులు

తాళ్లకోడు ఊరి ఐసుపెట్టె వైశాఖమాసంలో, ఎండలు మండిపోతున్న రోజుల్లో కాలిపోయింది. అదృష్టం కొద్దీ అప్పుడు లోపల ఎవరూ లేరు. ఊరి పెద్దాయన ఒకాయనకి రామచంద్రపురం ఆసుపత్రిలో సీరియస్‌గా ఉందని కబురొస్తే, ముందుజాగ్రత్తగా ఓసారి ఆన్ చేసి చూశారు. బుస్సుమని పొగ వచ్చింది. ఆ పెద్దాయన వారం తిరక్కుండా కోలుకుని ఇంటికొచ్చాడు. పెట్టె మాత్రం కోలుకోలేదు.

కంపెనీవాడు దాన్ని ఫ్రీజర్ బాక్సు అన్నాడు గానీ ఊళ్ళో అందరూ ఐసుపెట్టె అనే అంటారు. పైన గాజుమూత, కింద మోటారు, మధ్యలో పోయిన మనిషి. అది లేనప్పుడు ఎవరైనా పోతే మండపేట నుంచి ఐసు దిమ్మలు ఊకలో కప్పి ఆటోలో తెచ్చుకునేవారు. సగం దారిలోనే కరిగిపోయేవి. నాలుగేళ్ళ కిందట ఊరంతా చందాలు వేసుకుని ఈ పెట్టె కొన్నారు. చందాదారుల పేర్లు పెట్టె పక్కన ఎర్రరంగుతో రాయించారు. అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాలతో 'జగన్నాథరావు గారి సౌజన్యంతో' అని ఉంటుంది. రైతుల వీధిలో పోయినా, క్రైస్తవుల పేటలో పోయినా, ఆఖరిసారి పడుకోవలసింది మాత్రం జగన్నాథరావు గారి సౌజన్యంలోనే.

మండపేట మెకానిక్కు వచ్చి చూసి, కంప్రెసరు మొత్తం మార్చాలన్నాడు. ముప్ఫై ఎనిమిది వేల నాలుగు వందలు. పైసా తగ్గనన్నాడు.

"డబ్బు పెద్ద విషయం కాదండి, పంపకమే పెద్ద విషయం," అన్నాడు జగన్నాథరావు. ఆయనకి ఇరవై ఎకరాల వరిచేను, అంతకు తగ్గ కంఠం ఉన్నాయి. పెట్టె కమిటీకి ప్రెసిడెంటు. "ఎవరి వంతు ఎంతో న్యాయంగా తేల్చాలంటే మన హెలెన్ టీచరు గారే తేల్చాలి."

హెలెన్ హైస్కూల్లో ఇరవై ఏడేళ్ళుగా లెక్కలు చెబుతోంది. పేటలోనే ఇల్లు. ఊళ్ళో సగంమంది ఆవిడ దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే, మిగతా సగం నేర్చుకోకుండా తప్పించుకున్నవాళ్ళు. రైతుల వీధి నుంచి ప్రెసిడెంటే స్వయంగా గుమ్మంలోకి వచ్చి అడిగేసరికి ఆవిడకి లోలోపల కొంచెం గర్వంగానే అనిపించింది. భిన్నాలు తేలినట్టు మనుషులు కూడా తేలతారని ఆవిడకి అప్పటికింకా నమ్మకం.

మొదటి ఆదివారం, పేటవాళ్ళు గుడిలో ప్రార్థన ముగించుకుని వచ్చి భోజనాలు చేశాక, కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు.

"చాలా తేలికండి," అంది హెలెన్. "ఊళ్ళో నూట తొంభై రెండు గడపలు. గడపకి రెండు వందలు. లెక్క సరిగ్గా సరిపోతుంది."

ట్రాక్టరు తోలే చిట్టియ్య వెనక బెంచీ మీంచి లేచాడు. "మా ఇంట్లో ఆ పెట్టె ఎక్కినవాళ్ళు ఎవరూ లేరండి. ఎక్కనోడు టిక్కెట్టు ఎందుకు కొనాలండి?"

"మీ అత్తగారున్నారుగా చిట్టియ్యా," అంది రామతులసి. ఆవిడ జగన్నాథరావు భార్య.

"ఆవిడ బాగానే ఉన్నారండి. నిన్న కూడా కోడిగుడ్డు కూరలో ఉప్పు చాల్లేదని గొడవపెట్టారండి."

దాంతో హాలంతా లేచింది. ఒకాయన తన ఇంట్లో ఉన్నది ఇద్దరే కాబట్టి అరవంతు అన్నాడు. ఇంకొకాయన, తాను ఏడాదిలో పదినెలలు హైదరాబాదులో వాచ్‌మన్‌గా ఉంటాడు కాబట్టి ఆ మిగతా రెండు నెలల్లో పోయే అవకాశం తక్కువన్నాడు. వాడినవాళ్ళే కట్టాలని చివరికి అందరూ ఒప్పుకున్నారు. జగన్నాథరావు కూడా తలూపాడు. తన ఇంట్లో జరిగిన మరణం ఒకటే కదా అనుకున్నాడు కాబోలు.

వాడకం అంటే ఎంతసేపు వాడారన్నది కూడా చూడాలి కదా అని హెలెన్ రిజిస్టరు అడిగి తీసుకుంది. అది ఎరువుల కొట్టు గణేష్‌బాబు దగ్గర ఉంటుంది. ఆయన కమిటీ ట్రెజరరు. పేరు, పెట్టిన టైము, తీసిన టైము, ఆఖర్న ఇతర ఖర్చులు. నాలుగేళ్ళలో ముప్ఫై ఒక్కమంది. ఇంటికి తెచ్చుకుని, కూరగాయల పళ్ళెం పక్కకి జరిపి, కూర్చుని గంటలన్నీ కూడింది. నాలుగు వందల ఎనభై గంటలు. అంటే గంటకి ఎనభై రూపాయలు. ఇంత చక్కగా తెగిన లెక్క పరీక్షపేపర్లలో కూడా రాదని ముచ్చటపడింది.

ఆ ముచ్చట ఆఖరి గడి చూసేదాకానే. పదకొండు పేర్లకి ఎదురుగా 'శుభ్రత - 200' అని ఉంది. మిగతా ఇరవై పేర్లకి ఎదురుగా ఖాళీ. ఆ పదకొండూ రెండుసార్లు చదివింది. అన్నీ పేటవాళ్ళ పేర్లే. తన తండ్రి ఎజ్రా మాస్టారి పేరు కూడా అందులో ఉంది.

రెండో ఆదివారం హాల్లోకి వెళ్ళి, ఇంకేమీ మాట్లాడకముందే ఆ పేజీ తెరిచింది.

"గణేష్‌బాబు గారండి, పెట్టెని ఆ ఇరవైసార్లూ కడగలేదాండి?"

"ఎందుక్కడగలేదండి! ప్రతిసారీ డెట్టాల్ వేసి కడిగించామండి."

"మరి డబ్బులు పదకొండుసార్లే తీసుకున్నారేంటండి?"

గణేష్‌బాబు జగన్నాథరావు వైపు చూశాడు. జగన్నాథరావు ఫ్యాను వైపు చూశాడు.

"అదేదో అలవాటు మీద జరిగిపోయుంటుందండి టీచరు గారు," అన్నాడు జగన్నాథరావు. "ఎవరి మనసులోనూ ఏమీ లేదు."

"మనసులో లేదండి. పుస్తకంలో ఉంది."

పేటవాళ్ళ బెంచీల మీద గుసగుస మొదలైంది. ఆ పదకొండుమందికీ రెండేసి వందలు కమిటీ తిరిగివ్వాలని, వాళ్ళ వంతుల్లోంచి అది మినహాయిస్తున్నానని చెప్పి హెలెన్ లెక్క చదివింది. పేటలో కూలిపనికి వెళ్ళే ముసలామె లోవమ్మ భర్త పెట్టెలో ఉన్నది రెండు గంటలు. వంతు నూట అరవై. కట్టిన శుభ్రత రెండు వందలు. "కాబట్టి లోవమ్మ గారికి మనమే నలభై రూపాయలు బాకీ," అంది. జగన్నాథరావు తండ్రిగారు యాభై మూడు గంటలు. నాలుగు వేల రెండు వందల నలభై. ఊరి మొత్తం మీద అదే పెద్ద వంతు.

జగన్నాథరావు మొహం గంటుపెట్టుకున్నాడు. ఒక్క ఎకరం దాళ్వా పంటలో ఎలకలు తినేదానికంటే తక్కువ డబ్బు అది. కానీ ఊళ్ళో అందరికంటే ఎక్కువ కట్టడం వేరు, అందరికంటే ఎక్కువ కట్టవలసిరావడం వేరు. మొదటిది గోడల మీద రాయించుకోవచ్చు.

"పోయినవాళ్ళ మీద బిల్లు వేస్తారేంటండి?" అన్నాడు. "మా నాన్నగారు వాడుకున్నారు. అయితే ఆయన్నే అడగండి. రిపేరు చేయించేది ఇకముందు వాడేవాళ్ళ కోసం కదా! అంచేత పోయినవాళ్ళు కాదండి కట్టవలసింది, పోబోయేవాళ్ళు. అరవై దాటినవాళ్ళని లెక్కపెట్టండి, తలకింతని వేసెయ్యండి."

ఆ మాటలో తర్కం ఉంది. హెలెన్‌కి ఒళ్ళు మండింది అందుకే.

గ్రామ సచివాలయం లిస్టు తెప్పిస్తే అరవై దాటినవాళ్ళు రెండు వందల నలభైమంది తేలారు. తలకి నూట అరవై. ఆ సంగతి బయటికి పొక్కేసరికి ఊళ్ళో వింతలు మొదలయ్యాయి. వృద్ధాప్య పింఛను కోసం ఆధార్‌లో వయసు పెంచుకున్నవాళ్ళంతా ఒక్కసారిగా పడుచువాళ్ళైపోయారు. చిట్టియ్య టీచరు గారింటికొచ్చి, ఆధార్‌లో అరవై రెండున్నా తనకి నిజానికి యాభై నాలుగేనని, పెళ్ళి ఫోటో తెచ్చి చూపించాడు. "ఆ మాట రాసి సంతకం పెడితే పింఛను ఆగిపోతుంది చిట్టియ్యా," అంది హెలెన్. "సంతకం వద్దండి, మీరు మనసులో ఉంచుకోండి," అన్నాడు. ఇద్దరు అన్నదమ్ములు తల్లి ఎవరి దగ్గర ఉంటుందో పదేళ్ళుగా కొట్టుకుంటున్నారు, నా దగ్గరంటే నా దగ్గరని. ఇప్పుడు నీ దగ్గరంటే నీ దగ్గరని కొట్టుకున్నారు.

జగన్నాథరావు తల్లి మరిడమ్మకి ఎనభై ఎనిమిది. ఇరవై ఎకరాల ఇంట్లో ఉంటే పింఛను రాదు కాబట్టి, కాగితాల ప్రకారం ఆవిడ పశువుల పాకలో ఒంటరిగా కాపురం ఉంటోంది. అంచేత ఆ నూట అరవై తన ఇంటి వంతులోకి రాదని జగన్నాథరావు వాదం.

మూడో ఆదివారం మీటింగు ఇంకా మొదలుపెట్టకముందే హాలు గుమ్మంలో ఇద్దరు ముసలమ్మలు కనిపించారు. ముందు మరిడమ్మ, చేతికర్రతో. ఆవిడ రెండో చెయ్యి పట్టుకుని లోవమ్మ. బాప్తిస్మంలో ఆమెకి రూతమ్మ అని పేరు పెట్టారు గానీ మరిడమ్మ చేలో నలభై ఏళ్ళు ఊడ్పులు ఊడ్చినంతకాలం లోవమ్మే, ఇప్పుడూ లోవమ్మే.

"నువ్వెందుకొచ్చావమ్మా ఎండలో!" అంటూ జగన్నాథరావు లేచాడు.

"పెట్టెలో పడుకోబోయేది మేమేనటగా. మీ లెక్కేంటో విని పోదామని వచ్చాం," అంది మరిడమ్మ, ముందు కుర్చీలో కూర్చుంటూ. "కూర్చోవే లోవమ్మా." లోవమ్మ కింద కూర్చోబోతే హెలెన్ తన కుర్చీ జరిపి అందులో కూర్చోబెట్టింది.

"చెప్పరా అబ్బాయ్. ఆ పెట్టె ఎవరు వాడతారు?"

"అదేనమ్మా, పోయినవాళ్ళు..."

"పోయినవాళ్ళకి చలేంటి, ఎండేంటి! మీ నాన్న అడిగాడా పెట్టె కావాలని? వచ్చేవాళ్ళు ఆలస్యంగా వస్తారు కాబట్టి పెట్టె. రావలసినవాడు టైముకి వస్తే దాంతో పనేముంది? యాభై మూడు గంటలు నేను మీ నాన్న పక్కన కూర్చున్నాను. శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. రెండు రోజులు టీనీళ్ళు తాగి కూర్చున్నాను. లోవమ్మా, ఎవరి కోసమే?"

లోవమ్మ కొంగు సర్దుకుంది. "మొదటి ఇరవై గంటలు చిన్నమ్మాయి గారు హైదరాబాదు నుంచి రావాలన్నారండి. ఆవిడొచ్చేశారండి. మిగతా ముప్ఫై మూడు గంటలూ ఎమ్మెల్యే గారి కోసం అండి. దండ వెయ్యడానికి."

"వేశాడా?"

"వేశారండి. ఫోటో తీశాక తీసేసి పక్కన పెట్టారండి."

హాల్లో నవ్వు పుట్టి, జగన్నాథరావు వెనక్కి తిరిగేసరికి దగ్గులోకి మారింది.

లోవమ్మ ఊళ్ళో ఎవరు పోయినా వెళ్ళి పక్కన కూర్చునే మనిషి. ఈగల్ని తోలుతుంది, దీపంలో నూనె పోస్తుంది, పేటలో అయితే కీర్తన ఎత్తుకుంటుంది. హెలెన్ రిజిస్టరులోంచి ఒక్కొక్క పేరూ చదువుతుంటే ఆమె చెబుతూ పోయింది. పద్నాలుగు గంటలు, పెద్దల్లుడికి కొత్త కారు డెలివరీ ఆరోజే అన్నారండి. పంతొమ్మిది గంటలు, కోడలు పుట్టింటి నుంచి రానంటే బతిమాలుకొచ్చారండి. పదకొండు గంటలు, తమ్ముడు గారు తాగి ఎక్కడున్నాడో తెలియలేదండి. తన భర్త రెండు గంటలు, పాస్టరు గారి మోటార్‌సైకిలు పంక్చరు. అందులో ఒక గంట కరెంటు కూడా లేదు. ఏ పేరూ తడుముకోలేదు. ఆ ఆలస్యాలు చేసినవాళ్ళు ఒక్కొక్కరూ బెంచీల మీద చిన్నగా ముడుచుకుపోయారు.

"ఎజ్రా మాస్టారు," చదివింది హెలెన్. "ఇరవై ఆరు గంటలు."

లోవమ్మ హెలెన్ మొహంలోకి చూసింది. తర్వాత నేల వైపు చూసింది.

"ఎవరో రావాలన్నారమ్మా. నాకు గుర్తులేదు."

ముప్ఫైమందిదీ గుర్తున్న మనిషికి ఆ ఒక్కటీ గుర్తులేదు. హెలెన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. తెలుసన్నమాట. ఇన్నాళ్ళూ తెలిసి, వీధిలో ఎదురైనప్పుడల్లా "బాగున్నావా హెలెనమ్మా" అని పలకరిస్తోందన్నమాట.

ఆరోజు హెలెన్ రాజమండ్రిలో ఉంది. పదోతరగతి పేపర్లు దిద్దడానికి వెళ్ళింది. పొద్దున్న పదకొండింటికి తమ్ముడు జయపాల్ ఫోన్ చేసి నాన్న పోయారన్నాడు. గంటన్నర ప్రయాణం. స్పాట్ డ్యూటీ అయ్యేదాకా కదలనివ్వరని చెప్పింది. నిజానికి పేపర్లు ముందురోజే అయిపోయాయి. ఇంటిస్థలం మొత్తం జయపాల్ పేర రాశారని రెండు నెలలుగా నాన్నతో మాటల్లేవు. ఆ పగలూ ఆ రాత్రీ స్నేహితురాలి ఇంట్లో, మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు ఇన్ని రకాల లెక్కలు వేసింది గానీ, ఆ ఇరవై ఆరు గంటలు కూడేటప్పుడు కూడా అవి తనవని ఆవిడకి తట్టలేదు. లేదా తట్టనివ్వలేదు.

"నా కోసం," అంది హెలెన్.



"స్పాట్ డ్యూటీ లేదండి. నాన్నగారి మీద కోపంతో రాలేదు. ఇరవై ఆరు గంటలూ నావే."

బ్యాగు తెరిచింది. నాలుగు ఐదువందల నోట్లు, ఒక వంద తీసి బల్ల మీద పెట్టింది. "రెండు వేల ఎనభై. ఇరవై రూపాయలు చిల్లర ఇవ్వండి గణేష్‌బాబు గారు."  లోవమ్మ చెయ్యి చాపి ఆవిడ మోచెయ్యి పట్టుకుని వదిలేసింది.

తీర్మానం ఆ పూటే రాశారు. ఎవరి కోసం ఆగారో వాళ్ళే కట్టాలి. వాళ్ళు కట్టకపోతే, ఆగమన్నవాళ్ళు కట్టాలి. ఇకమీదట మొదటి ఆరుగంటలు ఉచితం, ఆ తర్వాత గంటకి ఎనభై. రిజిస్టరులో 'ఎవరి కోసం' అని కొత్త గడి పెట్టాలి.

పాస్టరు గారు నూట అరవై పంపించారు, పంక్చరు వేసినవాడి పేరు కూడా రాయమని చీటీ పెట్టి. గణేష్‌బాబు లోవమ్మ రెండు వందలూ ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాడు. కొత్త కారు అల్లుడు గూగుల్‌పేలో కొట్టాడు. ఎమ్మెల్యే గారికి రెండు వేల ఆరు వందల నలభైకి బిల్లు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే, పది రోజులకి జవాబుగా ఒక కవరు వచ్చింది. లోపల ఎమ్మెల్యే గారి ఫోటో ఉన్న క్యాలెండరు ఉంది.

అంటే ఆ ముప్ఫై మూడు గంటలూ ఆగమన్నవాడి మీదకి వచ్చాయి. జగన్నాథరావు వారం రోజులు బిగుసుకున్నాడు. ఆఖరికి మరిడమ్మ పింఛను డబ్బులు కొంగున కట్టుకుని, లోవమ్మని వెంటబెట్టుకుని ఎరువుల కొట్టుకి బయల్దేరింది. రైతుల వీధి మొత్తం అరుగుల మీదకి వచ్చి చూసింది. తల్లి సందు మలుపు తిరక్కుండానే జగన్నాథరావు బుల్లెట్టు మీద ఆవిణ్ణి దాటుకుని వెళ్ళి, నాలుగు వేల రెండు వందల నలభై, చెల్లెలి వంతుతో సహా, గణేష్‌బాబు బల్ల మీద పడేశాడు. రసీదు కూడా తీసుకోలేదు.

పెట్టె బాగుపడింది. ఆషాఢంలో, ఒక వాన పొద్దున్న ఐదింటికి మరిడమ్మ పోయింది.

హెలెన్ వెళ్ళేసరికి పెట్టె వసారాలో పెట్టి ఉంది. లోవమ్మ అప్పటికే పక్కన కూర్చుని ఉంది. హైదరాబాదు చిన్నకూతురు ఈసారి మొదటి విమానం ఎక్కి పదిన్నరకల్లా దిగింది. మేనల్లుళ్ళు, మనవలు, నిడదవోలు వియ్యంకులు, అందరూ వచ్చేశారు. తాళ్లకోడులో ఒక మనిషి కోసం ఇంతమంది ఇంత తొందరగా రావడం అదే మొదటిసారి. పాడె కట్టేవాళ్ళు లేవబోతే జగన్నాథరావు ఫోను చేత్తో పట్టుకుని అడ్డొచ్చాడు.

"ఆగండి. సాయంత్రం ఆరింటికి ఎమ్మెల్యే గారొస్తారు. పీఏ మాటిచ్చాడు."

గణేష్‌బాబు చంకలోని రిజిస్టరు తీశాడు. పెన్ను మూత విప్పాడు. 'ఎవరి కోసం' గడి మీద పెట్టి, "ఏం రాయమంటారండి?" అన్నాడు, ఎంతో వినయంగా.

వసారాలో యాభైమంది ఉన్నారు. అందరి కళ్ళూ ఆ పెన్ను మీదే. వంటింటి గుమ్మంలోంచి రామతులసి, "పిల్లలు పొద్దుట్నుంచీ పచ్చిమంచినీళ్ళు తాగలేదు," అంది.

జగన్నాథరావు పెట్టె వైపు చూశాడు. గాజుమూత కింద తల్లి, నోరు కొంచెం తెరిచి, ఏదో అనబోతున్నట్టు ఉంది. ఆయన ఫోను తీసి పీఏకి చేశాడు. పీఏ ఏమాత్రం నొచ్చుకోలేదు. "అయితే పెద్దకర్మకి వస్తార్లెండి సార్," అన్నాడట.

పదకొండున్నరకి మరిడమ్మ లేచింది. ఆరున్నర గంటలు. పై అరగంట పాడె కోసమని రాసి, గణేష్‌బాబు నలభై వదిలేశాడు. లోవమ్మ వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఆగి, వానలోనే మెయిన్‌రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. హెలెన్ గొడుగు పట్టి ఇంటికి దిగబెట్టింది. ఆమె పొయ్యిలో కూడా పొద్దుట్నుంచి నిప్పు లేదు.

ఆ తర్వాత రెండు నెలల్లో ఊళ్ళో నలుగురు పోయారు. ఎవరూ ఆరుగంటలు దాటలేదు. దసరా ముందు గణేష్‌బాబు కమిటీ మీటింగు పిలిచి, జమా ఖర్చుల పుస్తకం హెలెన్ ముందుకి తోశాడు. జమ సున్నా. కరెంటు బిల్లు నెలకి ఆరు వందల నలభై.

"ఇలాగైతే పెట్టె నడవదండి టీచరు గారు," అన్నాడు దిగులుగా. "జనం టైముకి వచ్చేస్తున్నారు."

"ఆ ఉచిత గంటలు ఆరు నుంచి మూడుకి తగ్గిస్తే సరి," అన్నాడు జగన్నాథరావు.

"మూడు గంటల్లో పేటవాళ్ళ ప్రార్థనే అవ్వదండి," అన్నారెవరో.

"మా వీధిలో అయితే పురోహితుడే దొరకడండి!"

"అలాగైతే వీధికో రేటు పెట్టండి."

కుర్చీలు జరిగాయి. గొంతులు లేచాయి. హెలెన్ పుస్తకం మూసి, గణేష్‌బాబు చేతిలో పెట్టి, "ఈసారి లెక్క మీరే వేసుకోండి," అని చెప్పి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.